ఉలి, రందా, చెక్కుడు చాకు: చిన్న బ్లేడ్లకు ఏ రాయి కొనాలి?

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్లి "ఉలి నూరే రాయి ఇవ్వండి" అని అడిగినా చాలావరకు చేతికొచ్చేది ఒక్కటే. ఎనిమిది అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, ఒక పక్క గరుకు, ఇంకో పక్క కాస్త నునుపు ఉండే కార్బొరండం రాయి. అదే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో వెతికితే డైమండ్ ప్లేట్లు, జపాన్ నీటిరాళ్లు, యాంగిల్ గైడ్లు, తోలు పట్టీలు... వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది. ఏది కొనాలో తేల్చేది జేబు ఒక్కటే కాదు. మీ దగ్గరున్న బ్లేడు ఏ ఉక్కు, దాంతో మీరు కోసే చెక్క ఏది అన్నవి ముందు చూసుకోవాలి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తా. పని ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు అసలు రాయి కొనకండి, గ్రానైట్ ముక్క మీద వాటర్ పేపర్ వేసుకుని నూరండి. రోజూ ఉలి పట్టేవాళ్లు డైమండ్ ప్లేటుకు డబ్బు పెట్టండి. ఇంట్లో పాత కార్బొరండం రాయి ఉంటే పారేయకండి, చదును చేసుకుని వాడండి. ఈ మూడింట్లో ఏ దారిలో పోయినా అంచుకు చివరి నునుపు తెచ్చే తోలు పట్టీ ఒకటి మాత్రం తయారు చేసుకోండి.

ముందు చెక్క సంగతి

గట్టి చెక్కకే పదును ఎక్కువ కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ పదును అడిగేది మెత్తటి చెక్క. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్రనే తీసుకోండి. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. ఇలాంటి చెక్కలో అంచు కాస్త మొద్దుబారినా పోగులు తెగవు, నలిగిపోయి తెల్లగా పొడిపొడిగా లేస్తాయి. పొనికి మీద చెక్కే చాకుకు అంచు పల్చగా, రెండు పక్కలా కలిపి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, చివరిదాకా నునుపు తేలాలి.

టేకు కథ వేరు. టేకు చెక్కలోనే సహజంగా సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కోసేకొద్దీ అది అంచును అరగదీస్తుంది. అందుకే టేకు మీద రందా పట్టేవాళ్లు రోజుకు చాలాసార్లు నూరుకోవాల్సి వస్తుంది. ఇక తుమ్మ, మద్ది లాంటి గట్టి కర్రల్లో సుత్తితో కొట్టి తొలిచే పని ఉంటే పల్చటి అంచు విరిగిపోతుంది, అక్కడ 30 డిగ్రీలకు తగ్గకూడదు.

కాబట్టి బొమ్మలు, నగిషీలు చెక్కేవాళ్లు చివరి నునుపు కోసం ఖర్చు పెట్టాలి. తలుపులు, కిటికీలు, మంచాలు చేసేవాళ్లు త్వరగా నూరి మళ్లీ పనిలో పడటానికి ఖర్చు పెట్టాలి. ఒకరు మెచ్చుకున్న రాయి ఇంకొకరికి నచ్చకపోవడానికి సగం కారణం ఇదే.

తర్వాత ఉక్కు

ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులుగా మారింది. ఇప్పుడు ఊళ్లో కమ్మరి కొలిమికి ఎక్కువగా చేరేది పాత లారీ కమాన్ పట్టీ. తక్కువేం కాదు, ఉలికి అది బాగా పనికొస్తుంది. కొంచెం మెత్తన కాబట్టి ఏ రాయి మీదైనా తొందరగా నూరుకోవచ్చు, అంతే తొందరగా మొద్దుబారుతుంది కూడా. పాత ఆకురాయిని, అంటే ఇనుము అరగదీసే ఫైలును, కాల్చి, సాగదీసి చేసిన చాకులో కర్బనం ఎక్కువ. కమ్మరి సరిగా గట్టిపరిచి ఉంటే అంచు చాలాసేపు నిలుస్తుంది. కంపెనీ ఉలులు, చిన్న రందా బ్లేడ్లు ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. ఈ మూడు రకాలకూ కార్బొరండం రాయి గానీ వాటర్ పేపర్ గానీ చాలు.

చిక్కు వచ్చేది నాలుగో రకంతో. వర్క్‌షాపుల్లో ఇనుప రాడ్లు కోసే పవర్ హాక్సా మెషిన్ బ్లేడు విరిగితే దాన్ని గ్రైండ్ చేసి చాకుగా వాడుకోవడం మామూలే. చాలాసార్లు అది హైస్పీడ్ స్టీల్. ఎంత నూరినా అరగనట్టే ఉంటుంది, కొత్తవాళ్లకు ఓపిక నశిస్తుంది. మీ పనిముట్లలో ఇలాంటివి రెండు మూడు ఉంటే తడుముకోకుండా డైమండ్ ప్లేటు తీసుకోండి.

కార్బొరండం రాయి

దీని అసలు పేరు సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ దీన్ని తయారు చేసే పద్ధతి కనిపెట్టి కార్బొరండం అని పేరు పెట్టాడు. మన షాపుల్లో దొరికే రాయిలో గరుకు పక్క సుమారు 120 నంబరు, నునుపు పక్క 240 నుంచి 320 దాకా ఉంటుంది (నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది). కొడవలి, గొడ్డలి, కత్తిపీటలకు ఇంతకన్నా అక్కర్లేదు. ఉలికి మాత్రం నునుపు పక్క కూడా గరుకే. దాని మీదే ఆపేస్తే అంచు మీద సన్నటి గాట్లు మిగిలిపోతాయి, టేకు మీద గీతలు పడతాయి.

రాయి చెడ్డదని తిట్టేవాళ్లలో చాలామంది రాయి మధ్యలో గుంట పడిందో లేదో చూడరు. ఏళ్ల తరబడి అందరూ మధ్యలోనే రుద్దుతారు కాబట్టి అక్కడ అరిగిపోతుంది. అలాంటి రాయి మీద ఉలి వెనక భాగం ఎప్పటికీ చదును కాదు, అంచు వంపు తిరుగుతుంది. స్టీలు స్కేలును నిలువుగా రాయి మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. సందు కనబడితే చదును చేయాల్సిందే. గట్టి బండ మీద సన్న ఇసుక, నీళ్లు పోసి రాయిని గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. గరుకు వాటర్ పేపర్ మీద రుద్దినా పని అవుతుంది, కాకపోతే పేపర్లు ఎక్కువే ఖర్చవుతాయి.

రాయి మీద కుట్టు మిషన్ నూనె గానీ కిరోసిన్ గానీ వేయండి. నీళ్లతో కూడా నడుస్తుంది. పల్లీ నూనె, కొబ్బరి నూనె వద్దు. కొన్నాళ్లకు జిగురులా గట్టిపడి రాయి రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ తర్వాత బ్లేడు జారుతుందే తప్ప అరగదు.

గ్రానైట్ మీద వాటర్ పేపర్

ఇంగ్లిష్ వీడియోల్లో దీన్ని మందపాటి అద్దం మీద చూపిస్తారు. కరీంనగర్ గ్రానైట్‌కు పేరున్న మన వైపు అద్దం కోసం తిరగాల్సిన పని లేదు. వంటగది బండలు కోసే షాపులో మిగిలిపోయిన పాలిష్ ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పు ముక్క చాలు. స్కేలు పెట్టి చదును చూసుకుని, అంచులు చేతికి గీసుకోకుండా కాస్త రుద్ది తెచ్చుకోండి. బరువుగా ఉంటుంది కాబట్టి నూరేటప్పుడు కదలదు కూడా.

వాటర్ పేపర్ అంటే కార్ల పెయింటర్లు వాడే నల్లటి పేపరే. పెయింట్ షాపుల్లో షీటు ఇరవై ముప్పై రూపాయల దగ్గర దొరుకుతుంది. 220, 400, 800, 1500, 2000 నంబర్లు ఒక్కోటి తెచ్చుకుని ఒక్కో షీటును నాలుగు పట్టీలుగా చింపండి. గ్రానైట్ మీద నీళ్లు చల్లి పట్టీ పరిస్తే అదే అతుక్కుంటుంది. బ్లేడును మీ వైపు లాగుతూ రుద్దండి. ముందుకు తోస్తే అంచు పేపరును చీరేస్తుంది.

నంబర్ల దగ్గర చాలామంది పొరబడతారు. పేపరు మీద నంబరు ముందు 'పి' అని ఉంటే దాని లెక్క, జపాన్ నీటిరాళ్ల నంబర్ల లెక్క ఒకటి కాదు. పి2000 పేపరులో గరుకు రేణువు సుమారు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1000 నంబరు నీటిరాయిలో అది 11 నుంచి 14 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే 2000 పేపరు దాకా నూరినవాళ్లు నీటిరాళ్ల లెక్కలో ఇంకా వెయ్యి దగ్గరే ఉన్నారు. తోలు పట్టీ తప్పదని నేను అనేది ఇందుకే.

ఈ పద్ధతిలో పెట్టుబడి తక్కువ, చదును బెంగ లేదు, వెడల్పు బ్లేడు నుంచి 6 మిల్లీమీటర్ల ఉలి దాకా పనికొస్తుంది. లోటు కూడా చెప్పాలి. పేపరు తొందరగా అరుగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు నూరేవాళ్లకు పర్వాలేదు. రోజూ నూరేవాళ్లు ఏడాది తిరిగేసరికి పేపర్లకు పెట్టిన డబ్బు లెక్కేస్తే డైమండ్ ప్లేటు ధర దాటిపోవచ్చు.

డైమండ్ ప్లేటు

ఇనుప రేకు మీద వజ్రపు పొడిని నికెల్ పూతతో అతికించి చేస్తారు. వజ్రం కంటే గట్టి ఉక్కు లేదు కాబట్టి ఏ బ్లేడైనా అరుగుతుంది. ప్లేటుకు గుంట పడదు. నూనె అక్కర్లేదు, నాలుగు చుక్కల నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపితే చాలు. టేకు పని చేస్తూ రోజుకు నాలుగైదుసార్లు నూరుకునే వడ్రంగికి దీన్ని మించింది కనబడదు. టేబుల్ మీద పక్కనే ఉంచుకుని, బ్లేడు తీసి పదిసార్లు రుద్ది మళ్లీ బిగించుకోవచ్చు.

ఒక పక్క 400, ఇంకో పక్క 1000 ఉన్నది తీసుకోండి. చవక రకం పల్చటి రేకులు వంగుతాయి, వాటిని గ్రానైట్ ముక్కకో మందపాటి ప్లైవుడ్‌కో అతికించుకోవాలి. కొత్త ప్లేటు మొదట్లో నంబరుకు మించి గీతలు పెడుతుంది, పైకి పొడుచుకొచ్చిన రేణువులు అరిగాక కుదుటపడుతుంది. మొదటి రోజే చూసి మోసపోయామనుకోవద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి, డైమండ్ ప్లేటు మీద బలం పెట్టి నొక్కకూడదు. నొక్కితే వజ్రపు రేణువులు పూతలోంచి ఊడిపోతాయి. ప్లేటు ఆర్నెల్లకే పోయిందనేవాళ్లు నొక్కే తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది.

నీటిరాళ్లు

పదును విషయంలో వీటికి వంక పెట్టలేం. 1000, ఆపైన 6000 నంబరు రాళ్ల మీద నూరితే వచ్చే అంచుతో పొనికి కర్ర అడ్డకోత కూడా మెరుస్తుంది. కానీ మెత్తటి రాళ్లు. చిన్న బ్లేడ్లకు ఇదే పెద్ద ఇబ్బంది. 3 మిల్లీమీటర్ల ఉలి రాయిలో గాడి తవ్వేస్తుంది, చాకు మొన దిగబడుతుంది. ప్రతిసారీ చదును చేసుకోవాలి, అందుకు ఇంకో ప్లేటు కావాలి. కొన్ని రకాలను నూరే ముందు నీళ్లలో నానబెట్టాలి. బొమ్మల పనో నగిషీ పనో జీవనాధారమైతే, లేదా నూరడమే మీకు ఇష్టమైన పనైతే కొనుక్కోండి. మిగతావాళ్లకు నేను సలహా ఇవ్వను.

గ్రైండర్, సాన పట్టే బండి

అంచు పెచ్చు లేచినా, ఉలి కింద పడి మూల విరిగినా గ్రైండర్ పని తేలిక చేస్తుంది. అంతవరకే. చిన్న బ్లేడు కొస పల్చన కాబట్టి క్షణాల్లో వేడెక్కుతుంది. మామూలు కార్బన్ స్టీల్ 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి రంగుకు తిరుగుతుంది, 300 దగ్గర నీలం రంగుకు వస్తుంది. నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కు మెత్తబడింది, ఆ భాగం మొత్తం అరగదీసేదాకా అంచు నిలవదు. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకుని, వేళ్లకు వెచ్చగా తగలగానే ముంచండి. హైస్పీడ్ స్టీల్‌కు మాత్రం ఈ భయం లేదు, ఆ నీలం రంగు దానికి ఏమీ చేయదు. కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ దగ్గరికి వెళ్లొద్దు.

వీధిలోకి సైకిల్ మీద వచ్చి సాన పట్టేవాళ్లకు కత్తెరలు, కూరగాయల కత్తులు ఇవ్వండి, చక్కగా చేస్తారు. ఉలులు, రందా బ్లేడ్లు ఇవ్వకండి. తిరిగే చక్రం మీద చేతి అంచనాతో పట్టే సానకు ఉలి కోణం నిలవదు. వెనక భాగం మీద కూడా రుద్దేస్తే ఆ వంపు తీయడానికి మీకు ఒక పూట పడుతుంది.

తోలు పట్టీ

చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మందపాటి తోలు ముక్క అడిగి తెచ్చుకోండి. చదునైన చెక్క మీద ఫెవికాల్‌తో అతికించి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. పైన రాయడానికి ఆకుపచ్చ పాలిష్ సబ్బు కావాలి, స్టీలు, ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే షాపుల వాళ్లు వాడేదే. అందులో ఉండే క్రోమియం ఆక్సైడ్ రేణువు అర మైక్రాన్ చుట్టుపక్కల ఉంటుంది. పేపరు మీద 10 మైక్రాన్ల దగ్గర ఆగిపోయిన అంచును ఒక్కసారిగా ఎక్కడికో తీసుకెళ్తుంది. అందుకే వేలు పోసి కొన్న రాయి ఉండి తోలు లేనివాళ్ల కంటే, వాటర్ పేపరూ తోలూ ఉన్నవాళ్ల చాకే బాగా తెగుతుందని నా నమ్మకం.

బ్లేడును ఎప్పుడూ వెనక్కి లాగుతూ రుద్దాలి, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. చివర్లో పిడి పైకెత్తకండి, ఎత్తితే అంచు గుండ్రమవుతుంది. ఒక్కో పక్క పది పదిహేను సార్లు చాలు. పొనికి పని మధ్యలో చెక్క పొడిగా లేస్తున్నట్టు అనిపిస్తే రాయి దాకా పోకుండా ముందు తోలు మీద రుద్ది చూడండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

కోణం, గైడు, చిన్న బ్లేడు పట్టుకునే తీరు

కోణం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. కొస దగ్గర ఏటవాలుగా నూరిన భాగమే వాలు. ఉలి మందానికి ఈ వాలు పొడవు రెండింతలు ఉంటే అది సరిగ్గా 30 డిగ్రీలు. సుమారు రెండుంపావు నుంచి రెండున్నర మధ్య ఉంటే 25 డిగ్రీల దగ్గర. మందం 4 మిల్లీమీటర్లయితే వాలు 8 ఉందా, తొమ్మిదిన్నర ఉందా అని స్కేలుతో చూసుకుంటే తేలిపోతుంది. చెక్క మీద మామూలు పనికి 25 డిగ్రీల వాలు పెట్టి, కొసన మాత్రం 30 డిగ్రీల్లో సన్నటి గీత నూరుకోవడం అలవాటు చేసుకోండి. తర్వాత మొద్దుబారినప్పుడు ఆ గీత ఒక్కటి నూరితే సరిపోతుంది, సగం సమయం మిగులుతుంది. పెంబర్తిలో మాదిరి ఇత్తడి మీద పని చేసే ఉలులకు ఈ లెక్కలు వర్తించవు, ఇత్తడిని నరికే ఉలికి 50 డిగ్రీల దగ్గర ఉండాలి.

నూరేటప్పుడు బ్లేడును ఒకే కోణంలో పట్టి ఉంచే, చక్రమున్న యాంగిల్ గైడు కొత్తవాళ్లకు మంచిదే, చవకే. పక్కల నుంచి బిగించే పాత డిజైన్ గైడులో ఉలి 30 మిల్లీమీటర్లు బయటికుంటే 30 డిగ్రీలు, 40 ఉంటే 25 డిగ్రీలు వస్తుంది. రందా బ్లేడుకు అవి 38, 50. ఈ కొలతలకు చెక్క మీద రెండు మేకులు కొట్టి పెట్టుకుంటే ప్రతిసారీ కొలవనక్కర్లేదు. కాకపోతే 6 మిల్లీమీటర్ల కంటే సన్నటి ఉలి గైడులో పక్కకు ఒరుగుతుంది, చేత్తో నూరుకోవడమే మేలు.

చాలా చిన్న బ్లేడు, అంటే గీతలు గీసే చాకు మొన, చిన్న రందా బ్లేడు ముక్క లాంటివి వేళ్లకు అందవు. అరచేతిలో పట్టేంత కర్ర ముక్కకు రంపంతో గాడి కోసి, బ్లేడు దూర్చి, అడ్డంగా ఒక స్క్రూ బిగిస్తే పట్టు దొరుకుతుంది. నూరేటప్పుడు వేలితో అంచు వెనక మెల్లగా తడిమి చూడండి. కొస పొడవునా సన్నటి గరుకు తగిలితే ఈ పక్క పని అయినట్టు, రెండో పక్కకు తిప్పండి. ఒక చోట తగిలి ఇంకో చోట తగలకపోతే ఇంకా నూరాలి. తర్వాత బల్బు కింద అంచును మీ వైపు తిప్పి చూస్తే మొద్దు ఉన్నచోట తెల్లగా గీత మెరుస్తుంది, పదునున్న చోట ఏమీ కనబడదు.

గుండ్రటి ఉలులకు పైన చెప్పిన ఏ ప్లేటూ లోపలి పక్క పనికిరాదు. ఉలి వంపుకు సరిపడే కర్ర పుల్లకు వాటర్ పేపర్ చుట్టి లోపలి గరుకు తీసేయండి. బయటి వాలును ప్లేటు మీద అటూ ఇటూ దొర్లిస్తూ నూరండి. నిర్మల్ బొమ్మల పని లాంటిది మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక్క చాకు, ఒక్క గుండ్రటి ఉలితో సర్దుకోవడం మంచిది, నూరడం చేతికొచ్చాక మిగతావి కొనుక్కోవచ్చు. ఇక స్టేషనరీ షాపులో దొరికే విరిచే బ్లేడ్లను నూరుతూ కూర్చోకండి, ముక్క విరిచి ముందుకు పోండి.

వానాకాలంలో నీళ్లతో నూరిన బ్లేడు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, మిషన్ నూనె చుక్క రాసి పెట్టండి. డైమండ్ ప్లేటునూ అలాగే ఆరబెట్టాలి. తోలు పట్టీని మాత్రం దుమ్ము పడకుండా కవర్లో పెట్టుకోండి, దాని మీద ఒక్క ఇసుక రేణువు పడినా అంచుకు గాటు పడుతుంది.